డెఫ్ టీనేజర్‌కి ఇంగ్లీషు: చిన్న మాటలు ఎక్కడ జారిపోతున్నాయి?

"యెస్టర్‌డే మార్కెట్ మదర్ గో వెజిటబుల్ బై ఫినిష్."

తెలుగు మీడియం డెఫ్ స్కూల్లో, అంటే వినికిడి లేని పిల్లల స్కూల్లో, టెన్త్ పూర్తిచేసి పాలిటెక్నిక్‌లోనో ఇంటర్‌లోనో చేరబోయే పిల్లలు రాసే ఇంగ్లీషు చాలావరకు ఇలాగే ఉంటుంది. చూసినవాళ్లు "గ్రామర్ అస్సలు లేదు" అని ఒక్కమాటలో తేల్చేస్తారు. ఈ వాక్యంలో గ్రామర్ ఉంది. అది భారతీయ సంజ్ఞా భాషది, అంటే ఐఎస్‌ఎల్‌ది. కాలం ముందు చెప్పేయడం, తర్వాత చోటు, మనిషి, పని, చివర "అయిపోయింది" అనే సైన్. చెప్పాలనుకున్న సంగతి ఒక్కటి కూడా తప్పిపోలేదు. నిన్న అమ్మ మార్కెట్‌కి వెళ్లి కూరగాయలు కొనుక్కొచ్చింది. తప్పిపోయినవన్నీ చిన్నవి: టు, ద, వెజిటబుల్స్ చివరి ఎస్, గో అన్నది వెంట్‌గా మారడం.

ఆ చిన్నవాటి మీదే ఈ పోస్టంతా. 15, 16 ఏళ్ల వయసులో ఇంగ్లీషు మొదలుపెట్టే డెఫ్ పిల్లలకి పెద్ద మాటలు నేర్పడం పెద్ద కష్టం కాదు. యాపిల్, కంప్యూటర్, హాస్పిటల్ లాంటివి బొమ్మతో, సైన్‌తో వచ్చేస్తాయి. ఎ, ద, ఈజ్, టు, ఆఫ్, ఎస్, ఈడీ మాత్రం ఏళ్లు గడిచినా రావు. ఎందుకు రావో తెలిస్తే, పాఠం ఎలా చెప్పాలో సగం తెలిసినట్టే.

ఈ చిన్న మాటలు పిల్లవాడికి చేరగల దారులు నాలుగు. ఒక్కొక్కటీ ఎలా మూసుకుపోయిందో చూడండి.

మొదటిది చెవి. ఎస్ ధ్వనిలోని బలం ఎక్కువగా 4000 హెర్ట్జ్‌కి పైనే ఉంటుంది. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) కాగితం మీద అది కుడివైపు చివరి గళ్లు. చాలామందికి లోపం ఎక్కువగా ఉండేది కూడా అక్కడే. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నా ఆ భాగం సరిగా అందదు కాబట్టి బుక్, బుక్స్ రెండూ ఒకేలా వినిపిస్తాయి. రెండోది పెదవులు. పాట్, బాట్, మ్యాట్ ఈ మూడూ పెదవుల మీద ఒకటే. క, గ లైతే నోటి లోపలే ఉండిపోతాయి, బయటికి కనిపించవు. ఇక ద, ఎ, ఆఫ్ లాంటివి మాట్లాడేవాళ్లే మింగేస్తారు, చూసేవాడికి ఏం దొరుకుతుంది? మూడోది ఐఎస్‌ఎల్. అందులో ఎ, ద ఉండవు, ఈజ్ ఉండదు, క్రియకి తోక తగిలించి కాలం చెప్పడం ఉండదు. నాలుగోది తెలుగు. "వాడు డాక్టరు" అంటే మనకి పూర్తి వాక్యం, మధ్యలో ఈజ్ అక్కర్లేదు. టు, ఇన్, ఫ్రమ్ చేసే పనిని మనకి కి, లో, నుంచి చేస్తాయి, అదీ మాటకి వెనకాల అతుక్కుని.

నాలుగు దారులూ పోతే మిగిలింది ఒక్కటే: అచ్చులో, కాగితం మీదో ఫోన్ తెర మీదో, పూర్తి వాక్యంగా కనిపించే ఇంగ్లీషు. వినే పిల్లవాడు రోజుకి వందసార్లు విని వదిలేసే ద అనే మాటని డెఫ్ పిల్లవాడు చదివినప్పుడే కలుస్తాడు. పదిసార్లు చదివితే పదిసార్లే కలుస్తాడు.

ఇంటివాళ్లు, టీచర్లు మంచి ఉద్దేశంతోనే చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. డెఫ్ పిల్లవాడికి అర్థం కావాలని ఇంగ్లీషుని తామే కుదించేస్తారు. "టుమారో లీవ్", "యూ కమ్ టెన్ ఓక్లాక్" అని బోర్డు మీదా వాట్సాప్‌లోనూ రాస్తారు. ఉన్న ఒక్క దారిలో కూడా చిన్న మాటలు లేకుండా చేసినట్టు. "టుమారో ఈజ్ ఎ హాలిడే", "ప్లీజ్ కమ్ ఎట్ టెన్ ఓక్లాక్" అని నిండుగా రాయండి. అర్థం కాకపోతే సైన్‌తో చెప్పండి, వాక్యాన్ని మాత్రం కత్తిరించకండి. ఇంట్లో అందరూ ఈ ఒక్క నియమం పాటించినా చాలా పాఠాల కంటే మేలు.

నేర్పడానికి ముందు పిల్లవాడి చేతిలో ఏ భాష ఉందో చూసుకోవాలి. ఒక గంట చాలు. మాటలు లేని ఆరు బొమ్మల కథ ఒకటి తీసుకోండి: కుక్క చెప్పు ఎత్తుకెళ్లడం, పిల్లవాడు వెంటపడటం లాంటిది. ముందు సైన్‌లో చెప్పించి ఫోన్‌లో వీడియో తీయండి. తర్వాత బొమ్మలు చూస్తూనే తెలుగులో రాయించండి. ఆ తర్వాత ఇంగ్లీషులో. మధ్యలో సాయం చేయొద్దు, స్పెల్లింగు కూడా చెప్పొద్దు.

సైన్‌లో కథ చక్కగా నడిచి, ఎవరు ఎవరిని ఏం చేశారో చోట్లు మారకుండా చెబితే పునాది గట్టిదే, ఇంగ్లీషు మొదలుపెట్టొచ్చు. సైన్‌లో కూడా తడబడుతుంటే, ఇంట్లో కల్పించుకున్న సైగలు తప్ప మరే భాషా లేకుండా పెరిగాడని అర్థం. ఊళ్లల్లో పెరిగి, ఆలస్యంగా స్కూల్లో చేరిన పిల్లల్లో ఇది కనిపిస్తుంది. అప్పుడు ముందు ఐఎస్‌ఎల్ కావాలి, డెఫ్ పెద్దవాళ్ల మధ్య, రోజూ. ఇంగ్లీషు దాని వెంట మెల్లగా నడవొచ్చు. "ముందు ఇంగ్లీషు వచ్చేస్తే సైన్ అవసరమే ఉండదు" అని కొందరు సలహా ఇస్తారు. పట్టించుకోకండి. అర్థం చెప్పుకోవడానికి ఒక భాష లేకుండా రెండో భాష నిలబడదు.

తెలుగు పరీక్ష ఫలితం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. పదేళ్లు తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు "కుక్క చెప్పు పట్టుకుంది బాబు పరుగు" అని రాస్తాడు. విభక్తులు లేవు. తెలుగు కూడా అతను కంటితో నేర్చుకున్న పరాయి భాషే కదా. కాబట్టి "కర్త, కర్మ, క్రియ" అని తెలుగు వ్యాకరణంతో ఇంగ్లీషు వివరించడం, ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ చేతికివ్వడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. తెలుగు బాగా వచ్చిన పిల్లలకి మాత్రం అది పనికొస్తుంది. అందుకే ముందు పరీక్ష.

ఇక పాఠం. పెద్ద సామగ్రి ఏమీ అక్కర్లేదు. ఒక చార్ట్ పేపరు, కత్తెర, రెండు రంగుల స్కెచ్ పెన్నులు, కొంచెం దారం, బట్టలారేసే క్లిప్పులు ఒక డజను.

చార్ట్ పేపరుని అడ్డంగా పట్టీలా కోసి అయిదు గళ్లు గీయండి: ఎవరు, పని, ఎవరిని లేదా దేనిని, ఎక్కడ, ఎప్పుడు. ఈ పద్ధతి కొత్తది కాదు. అమెరికాలో ఈడిత్ ఫిట్జెరాల్డ్ అనే డెఫ్ టీచరు 1926లో ప్రచురించిన ఏర్పాటుకి ఇది చుట్టమే, దాన్ని ఇప్పటికీ ఫిట్జెరాల్డ్ కీ అంటారు. మాటలన్నీ చీటీల మీద రాయండి. పెద్ద మాటలు నలుపులో, టు, ద, ఎ, ఎట్ లాంటివి ఎరుపులో. ముందు పిల్లవాడు తన సైన్ వరుసలోనే నల్ల చీటీలు బల్ల మీద పేర్చుతాడు: యెస్టర్‌డే, మార్కెట్, మదర్, గో. దాన్ని తప్పు అనకండి, అది అతని భాష వరుస. తర్వాత ఒక్కో చీటీ ఎత్తి సరైన గడిలో పెట్టమనండి. మదర్ మొదటి గడిలోకి, గో రెండో గడిలోకి, మార్కెట్ నాలుగో గడిలోకి, యెస్టర్‌డే చివరికి వెళ్తాయి. చేత్తో జరిపినప్పుడు ఒక భాష నుంచి ఇంకో భాషలోకి మారుతున్నామన్న సంగతి కంటికి కనిపిస్తుంది. ఆఖర్న ఎర్ర చీటీలు పెట్టాల్సిన ఖాళీలు చూపించండి. ఎరుపు లేకుండా వాక్యం పూర్తవదని అలా అలవాటవుతుంది.

క్లిప్పులు కాలం కోసం. ఇంగ్లీషులో కాలం గుర్తు వాక్యానికి ఒక్కచోటే పడుతుంది, ఆ చోటు మారుతూ ఉంటుంది. మన పిల్లలకి చిక్కంతా ఆ మారడం దగ్గరే. క్రియ చీటీకి ఒకవైపు వెంట్ అనీ, వెనకవైపు గో అనీ రాయండి. "మై మదర్ వెంట్ టు ద మార్కెట్" అన్నప్పుడు క్లిప్పు వెంట్ మీద ఉంటుంది. ఇప్పుడు వెళ్లలేదు అని చెప్పాలి. డిడ్, నాట్ చీటీలు తెచ్చి క్రియకి ముందు పెట్టి, క్లిప్పు తీసి డిడ్‌కి తగిలించండి. క్లిప్పు పోయింది కాబట్టి క్రియ చీటీ తిరగబడి గో అవుతుంది. "మై మదర్ డిడ్ నాట్ గో టు ద మార్కెట్." ప్రశ్న కావాలంటే క్లిప్పుతో సహా డిడ్ లేచి మదర్ కంటే ముందుకి వెళ్తుంది. చీటీల్ని ఇలా నాలుగు రోజులు తిప్పితే "డిడ్ నాట్ వెంట్" అని రాసినప్పుడు మీరు ఎర్ర ఇంకుతో కొట్టేయక్కర్లేదు. క్లిప్పు తీసి చూపిస్తే చాలు, రెండుచోట్ల తగిలించాల్సి వస్తోందని అతనే చెబుతాడు. గోస్, డజ్ నాట్ గో జంటకి కూడా ఇదే ఆట, అక్కడ క్లిప్పుతో పాటు జరిగేది ఎస్.

ఈజ్ దగ్గర ఇంకో గొడవ. ఎవరో ఒకసారి "ఈజ్ మర్చిపోయావ్" అంటారు. ఆ మర్నాటి నుంచి అన్నిచోట్లా ఈజ్ వచ్చి కూర్చుంటుంది: "హి ఈజ్ గో", "మదర్ ఈజ్ కుక్ రైస్". మందు సులువు. ఈజ్ చీటీనీ ఐఎన్‌జీ చీటీనీ మూడంగుళాల దారంతో కలిపి కట్టేయండి. పనికి ముందు ఈజ్ పెడితే దారం లాగి ఐఎన్‌జీ కూడా వస్తుంది. పని లేని వాక్యాలకి, అంటే "మై ఫాదర్ ఈజ్ ఎ డ్రైవర్" లాంటివాటికి, దారం లేని ఈజ్ చీటీ వేరే ఉంచండి. రెండు రకాల ఈజ్‌లనీ ఒకే రోజు చెప్పొద్దు, మధ్యలో రెండు మూడు వారాలైనా ఎడం ఇవ్వండి. రెండు క్రియలున్న పొడుగు వాక్యాలకి రెండు క్లిప్పులు పడతాయి కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. అవును, పడతాయి. కానీ మొదటి మూడు నెలలు ఆ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

భూతకాలం చెప్పేటప్పుడు ఒక వల ఉంది. ఐఎస్‌ఎల్‌లో "అయిపోయింది" సైన్ ఉంది కాబట్టి ఈడీ అంటే అదే అని చెప్పేస్తే పని తేలిగ్గా జరిగినట్టుంటుంది. కానీ ఆ సైన్ పని పూర్తవడాన్ని చెబుతుంది. "ఐ వెయిటెడ్ ఫర్ ద బస్" అన్నప్పుడు బస్సు రాలేదు, ఏదీ పూర్తి కాలేదు, అయినా ఈడీ పడింది. పిల్లవాడు గందరగోళపడతాడు, లేదా "వాజ్ ఫినిష్ వెయిట్" అని రాస్తాడు. గడిచిన కాలాన్ని భుజం వెనక్కి చూపించే సైన్‌తోనే చెప్పండి. "అయిపోయింది" సైన్‌ని దాచిపెట్టి, "ఐ హావ్ ఆల్రెడీ ఈటెన్" దాకా వచ్చినప్పుడు బయటికి తీయండి. అక్కడ అది సరిగ్గా సరిపోతుంది.

మాటల సంగతికొస్తే, రోజుకి ఇరవై మాటల లిస్టు ఇవ్వడం దండగ. మొదటి కారణం, లిస్టులో చిన్న మాటలు ఉండవు. రెండోది, ఒక ఇంగ్లీషు మాటకి ఒకే సైన్ అని పిల్లవాడు ముడిపెట్టేసుకుంటాడు. లుక్ అంటే చూడటం, ఆఫ్టర్ అంటే తర్వాత. "షి లుక్స్ ఆఫ్టర్ హర్ గ్రాండ్‌మదర్" చదివి "తర్వాత చూస్తుంది" అని సైన్ చేస్తాడు. అందుకే మాటల్ని గుత్తులుగానే ఇవ్వాలి: లుక్ ఆఫ్టర్, వెయిట్ ఫర్, ఆస్క్ సమ్‌వన్ ఫర్ హెల్ప్, గో టు స్కూల్, గో హోమ్. గో హోమ్‌లో టు లేదని ఇలా నేర్చుకుంటేనే తెలుస్తుంది. వారానికి ఎనిమిది, పది గుత్తులు చాలు. కార్డు ముందువైపు ఖాళీ ఉన్న వాక్యం, వెనక పూర్తి గుత్తి. దానికి సరిపోయే సైన్‌ని పిల్లవాడే చేసి ఫోన్‌లో ఒక ఆల్బమ్‌లో దాచుకోవాలి. నేర్చుకున్న మర్నాడు, మూడో రోజు, వారానికి, పదిహేను రోజులకి, నెలకి మళ్లీ తిప్పి చూడాలి. తప్పిన కార్డు మళ్లీ మొదటి రోజుకి వెళ్తుంది.

కొత్త గుత్తి పరిచయం చేసే వరుస ఇది: అచ్చులో ఉన్నదాన్ని వేలితో చూపించడం, సైన్ చేయడం, ఫింగర్ స్పెల్లింగ్ (మాట స్పెల్లింగుని వేళ్లతో చూపించడం) చేయడం, మళ్లీ అచ్చుని చూపించడం. ఫింగర్ స్పెల్లింగ్ ఒక్కో అక్షరం విడివిడిగా కాకుండా ముక్కలుగా చేయండి: హాస్పిటల్ అయితే హాస్, పి, టల్. ఐఎస్‌ఎల్ ఫింగర్ స్పెల్లింగ్ రెండు చేతులది, ఇంగ్లీషు అచ్చులు (వవెల్స్) అయిదూ అయిదు వేళ్ల కొసల మీద ఉంటాయి, ఎ బొటనవేలి నుంచి యూ చిటికెన వేలి దాకా. అచ్చుల వరుస తప్పే పిల్లలకి ఇది మంచి ఆసరా. వాళ్ల స్పెల్లింగు తప్పులు వినే పిల్లల తప్పుల్లాంటివి కావు, గమనించండి. వినే పిల్లలు శబ్దాన్ని బట్టి రాసి తప్పుతారు. డెఫ్ పిల్లలు ఉండాల్సిన అక్షరాలన్నీ రాసి, వరుస తారుమారు చేస్తారు. గర్ల్ రాయబోతే ఐ, ఆర్ చోట్లు మారి గ్రిల్ లాంటిది అవుతుంది. కాబట్టి "పలికి చూడు" అనే సలహా వాళ్లకి దేనికీ పనికిరాదు. చూడటం, మూసేయడం, రాయడం, తెరిచి పోల్చుకోవడం, ఇదే మార్గం.

సైన్ తెలియకపోతే ఎక్కడ వెతకాలి? ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం తయారుచేసిన వీడియో నిఘంటువు ఉచితంగా దొరుకుతుంది. 2018లో 3000 మాటలతో మొదలై 2021 నాటికి 10,000కి చేరింది. మంచి సాధనమే, కానీ రెండు జాగ్రత్తలు. అందులోని సైన్ కొన్నిసార్లు మన తెలుగు ప్రాంతాల డెఫ్ వాళ్లు వాడేదానికి వేరుగా ఉంటుంది. పిల్లవాడు తన సైన్ చూపిస్తే దాన్నే ఉంచండి, నిఘంటువు సైన్ రెండోదిగా నేర్చుకుంటాడు. ఇంకోటి, అది ఎక్కువగా విడి మాటల నిఘంటువు, గుత్తి అర్థం అందులో దొరుకుతుందని ఆశపడొద్దు.

చదివించేటప్పుడు కళ్ల సంగతి మర్చిపోకండి. వినే పిల్లవాడు పుస్తకం చూస్తూ మీ మాట వింటాడు. డెఫ్ పిల్లవాడికి పుస్తకమైనా, మీ చేతులైనా, ఏదో ఒకటే. అతను చదువుతుండగా మీరు సైన్ చేస్తే రెండూ పోతాయి. వాక్యం చూపించండి, ఆగండి, అతను తల ఎత్తి మిమ్మల్ని చూశాకే చేతులు కదపండి. ఆ ఆగడం మొదట్లో చాలా ఇబ్బందిగా, పాఠం నత్తనడక నడుస్తున్నట్టుగా ఉంటుంది. తొందరపడొద్దు. కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి, మీ మొహం నల్లగా కనిపిస్తుంది. వెలుతురు మీ మొహం మీద పడాలి.

ఏం చదివించాలి? వంద మాటలున్న పేజీలో తెలియనివి అయిదు దాటితే అది చదవడం కాదు, పజిల్. అయితే అంత తేలికైనవన్నీ చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలే, పదహారేళ్లవాడి చేతికి ఏనుగు పిల్ల కథ ఇస్తే అవమానంగా ఉంటుంది. అతని ఫోన్‌లోనే బోలెడు సరుకుంది. బ్యాంకు మెసేజీ, రీఛార్జి మెసేజీ, రైలు టికెట్ పేజీ, క్రికెట్ స్కోరు కింద రెండు లైన్లు, ఏటీఎం తెర. "డు నాట్ షేర్ దిస్ ఓటీపీ విత్ ఎనీవన్" అన్న ఒక్క లైను చూడండి. డు నాట్‌తో హెచ్చరిక ఎలా ఉంటుందో ఉంది, షేర్ వెంట విత్ వస్తుందని ఉంది, ఎనీవన్ ఉంది. పైగా నిజంగా అర్థం కావాల్సిన వాక్యం, వారానికి నాలుగుసార్లు దానంతట అదే మళ్లీ కంటపడుతుంది. ఇలాంటివి స్క్రీన్‌షాట్ తీసి ప్రింటు వేయిస్తే నెల తిరిగేసరికి ఒక పాఠ్యపుస్తకం తయారవుతుంది.

సినిమాలకొస్తే, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లున్న తెలుగు సినిమా ఇంగ్లీషు సినిమా కంటే మేలు. సందర్భం, మనుషులు, గొడవలు అన్నీ తెలిసినవే. రెండు నిమిషాల సీను, ఆపుతూ ఆపుతూ. యూట్యూబ్ తనంతట తాను వేసే క్యాప్షన్లు మాత్రం నేర్చుకోవడానికి వాడొద్దు, అందులో ఎగిరిపోయేవి మళ్లీ మన చిన్న మాటలే.

బ్యాంకు మెసేజీలు మొదలుపెట్టగానే పాసివ్ వాయిస్ ఎదురవుతుంది, తప్పించుకోలేరు. "ద బాయ్ వాజ్ పుష్డ్ బై ద గర్ల్" అని రాసి బొమ్మ గీయమనండి. చాలామంది అబ్బాయి అమ్మాయిని తోస్తున్నట్టు గీస్తారు. మొదట వచ్చినవాడే పని చేసినవాడు అన్న నమ్మకం అది, చెప్పాలంటే మనం అయిదు గళ్ల పట్టీతో పెంచిపోషించిందే. విరుగుడు సైన్‌లోనే ఉంది. అబ్బాయిని గాల్లో ఎడమవైపు, అమ్మాయిని కుడివైపు నిలబెట్టి, తోసే సైన్‌ని కుడి నుంచి ఎడమకి చేయండి. తర్వాత వాక్యంలో వాజ్, బై రెండిటికీ సున్నా చుట్టి గీతతో కలపండి. ఈ జంట కనబడితే పట్టీ తిరగబడిందని గుర్తు. బై లేని పాసివ్‌లూ ఉంటాయి, "మొబైల్ ఫోన్స్ ఆర్ నాట్ అలౌడ్" లాంటివి. నోటీసులన్నీ ఇవే. అర్థం చేసుకుంటే చాలు, రాయించే పని పెట్టుకోవద్దు.

దీనికి తోడు హూ, విచ్ ఉన్న వాక్యాలు. "ద బాయ్ హూ హిట్ ద గర్ల్ ర్యాన్ హోమ్" చదివి, ఇంటికి పరిగెత్తింది అమ్మాయి అంటారు, ఎందుకంటే గర్ల్ పక్కనే ర్యాన్ ఉంది. వాక్యాన్ని పొడుగు కాగితం ముక్క మీద రాసి, "హూ హిట్ ద గర్ల్" భాగాన్ని వెనక్కి మడిచేయండి. "ద బాయ్ ర్యాన్ హోమ్" మిగులుతుంది. మడత విప్పుతూ, మూస్తూ అయిదారు వాక్యాలు చేస్తే కన్ను తానే మడత వెతకడం మొదలుపెడుతుంది.

రాయడానికి వాట్సాప్‌ని మించింది లేదు. రోజూ పావుగంట, ఒకరితో, ఇంగ్లీషులోనే. ఆ ఒకరు ఇంట్లో అక్కో, బాబాయో అయితే ఇంకా మంచిది. ఇక్కడ తప్పులు దిద్దొద్దు. అతను "అక్క టుమారో బస్ టైమ్ వాట్" అని పెడితే, "యువర్ బస్ ఈజ్ ఎట్ సెవెన్ ఓక్లాక్ టుమారో. వాట్ టైమ్ విల్ యూ వేక్ అప్?" అని జవాబివ్వండి. అతని మాటలే సరైన రూపంలో వెనక్కి వెళ్లాయి, ప్రశ్న మాట ఎక్కడ కూర్చోవాలో కూడా కనబడింది. ఐఎస్‌ఎల్‌లో ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు లాంటివి చివర వస్తాయి కాబట్టి ఈ తప్పు చాలాకాలం ఉంటుంది. ఈ చాట్ జరిగేంతసేపు కీబోర్డులో సజెషన్లు ఆపేయండి, లేకపోతే చిన్న మాటలు ఫోనే రాసేస్తుంది. ట్రాన్స్‌లేట్ యాప్ కూడా అంతే. విభక్తుల్లేని తెలుగు అందులో వేస్తే ఎవరు ఎవరిని కొట్టారో తలకిందులై బయటికొస్తుంది. వారానికోసారి మాత్రం చాట్‌లోంచి మూడు వాక్యాలు ఎత్తి చీటీల పట్టీ మీద పెట్టి, కలిసి సరిచేయండి. మూడు చాలు.

ఉచ్చారణ గురించి ఇంట్లోవాళ్లు తప్పకుండా అడుగుతారు. స్పీచ్ థెరపీ కావాలంటే అది వేరే సమయం, వేరే మనిషి. ఇంగ్లీషు గంటలో "థ" పలికించడానికి పది నిమిషాలు పోతే, ఆ పది నిమిషాల చదువు పోయినట్టే. వినికిడి కొంత మిగిలి, మాట ఉన్న పిల్లలకైతే బిగ్గరగా చదివించడం ఉపయోగమే, అదీ అచ్చు కళ్ల ముందు ఉన్నప్పుడు.

పరీక్షల సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ అదనపు సమయం, స్క్రైబ్ (జవాబులు రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాషల నుంచి మినహాయింపు లాంటి వెసులుబాట్లు ఇవ్వాలంటోంది. మినహాయింపు తీసుకోవడంలో తప్పులేదు, మార్కులు ముఖ్యమే. అయితే ఇంగ్లీషు పేపరు లేదు కదా అని ఇంగ్లీషు చదువే ఆపేస్తే, డిప్లొమాలో పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఎదురైన రోజున మొదటినుంచీ మొదలవుతుంది. పేపరు వదిలి చదువు ఉంచుకోండి. ఓపెన్ స్కూలు దారిలో వెళ్లేవాళ్లకి ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు సంస్థ) 2021 నుంచి టెన్త్ స్థాయిలో ఐఎస్‌ఎల్‌ని ఒక భాషా సబ్జెక్టుగా ఇస్తోంది. ఇంగ్లీషు, ఐఎస్‌ఎల్ కలిపి తీసుకోవడం చక్కటి జోడీ.

ఎ, ద ల గురించి ఎక్కువ చెప్పలేదు, కావాలనే. మొదటి ఏడాది వాటిని చదువులో చూపించండి, ఎర్ర చీటీలుగా పెట్టించండి, అతని సొంత రాతలో తప్పిపోతే మాత్రం వదిలేయండి. వాక్యం వరుస, క్లిప్పు, గుత్తులు కుదురుకున్నాక రెండో ఏడాది జంట బొమ్మలతో మొదలుపెట్టొచ్చు: మొదటి బొమ్మలో ఎవరో తెలియని కుక్క వచ్చింది, ఎ డాగ్. రెండో బొమ్మలో అదే కుక్క చెప్పు ఎత్తుకెళ్లింది, ద డాగ్.

చివరిగా, నేర్పే మనిషి. వినే టీచరు ఒక్కరే అన్నీ చేయాలనుకుంటే ఎక్కడో తెగుతుంది. బ్రిటన్‌లోని సెంట్రల్ లాంకషైర్ విశ్వవిద్యాలయం భారత్, ఉగాండా, ఘనాల్లోని డెఫ్ సంఘాలతో కలిసి నడిపిన కార్యక్రమంలో ట్యూటర్లు డెఫ్ వాళ్లే, పాఠాలు విద్యార్థులు తమ రోజువారీ జీవితంలోంచి తెచ్చిన ఇంగ్లీషే. మనకీ ఈ ఏర్పాటు అసాధ్యం కాదు. డిప్లొమానో డిగ్రీనో చేసి ఉద్యోగం చేసుకుంటున్న డెఫ్ యువతీయువకులు హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో ఉన్నారు, అక్కడి డెఫ్ సంఘాల్ని అడిగితే కలుస్తారు. ఊరు దూరమైతే వీడియో కాల్ సరిపోతుంది, కాకపోతే ఫోను నిలబెట్టి, చేతులు నడుము దాకా కనిపించేలా పెట్టుకోవాలి. పని పంచుకోండి: వాక్యాలు, చీటీలు, ప్రింట్లు వినే టీచరు తయారు చేస్తారు, అర్థాన్ని సైన్‌లో విప్పి చెప్పడం డెఫ్ ట్యూటరు చేస్తారు. వారానికి మూడు రోజులు, నలభై అయిదు నిమిషాల చొప్పున. ట్యూటరుకి ఫీజు ఇవ్వండి, ఎవరైనా ట్యూషన్ చెబితే ఇచ్చినంత. సేవ కింద చేయించుకుంటే రెండు నెలల తర్వాత వాళ్లు రారు, అందులో వాళ్ల తప్పు కూడా లేదు.